జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల అభ్యర్థులను నిర్ణయించే పార్టీ పెద్దలకు బహిరంగ లేఖ

తెలంగాణలోని రాజకీయ పార్టీల రాష్ట్ర అధ్యక్షులకు, జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల శాసనసభ స్థానాలకు అభ్యర్థులను ఎంపిక చేసే ఎన్నికల కమిటీల సభ్యులకు:

మాజీ సైనికుడో, కోర్టులో ప్రభుత్వం తరఫున కేసులు నడిపిన ప్రాసిక్యూటరో టికెట్ కోరి మీ ముందుకు వచ్చినప్పుడు మొదటి ప్రశ్న వారు చేసిన పని గురించి కాక పెట్టగల ఖర్చు గురించి కావడం, ఆ ఖర్చుకు వారు సిద్ధమన్న తరువాత యూనిఫారం ఫొటోనూ నల్లకోటు ఫొటోనూ ఫ్లెక్సీల మీదికి ఎక్కించడం మన రాజకీయాల్లో అలవాటైన పద్ధతిగా స్థిరపడిపోయింది. ఈ పద్ధతిని అంగీకరించడం సాధ్యం కాదు. యూనిఫారం దేశానిది, ప్రాసిక్యూటర్ పదవి ప్రజలది. ఆ రెండింటినీ విడిచి వచ్చిన మనిషితో వాటిలో ఏది మిగులుతుంది, ఏది ఏ పార్టీకీ చెందకుండా ఉండాలి అన్న విచారణ చేయవలసిన మొదటి బాధ్యత టికెట్ చేతిలో ఉన్న మీదే. ఆ విచారణ మీ కమిటీ సమావేశాల్లో ఎప్పుడైనా జరిగిందా?

సైనికుడి సంగతి ముందుగా చెప్పుకోవచ్చు, ఎందుకంటే అక్కడ చట్టం స్పష్టంగా ఉంది. సాయుధ బలగాల్లో ఉన్నవారి ప్రాథమిక హక్కులను పార్లమెంటు పరిమితం చేయవచ్చని రాజ్యాంగంలోని 33వ అధికరణం చెబుతుంది. ఆ అధికారంతోనే 1950 నాటి సైన్య చట్టం, దాని కింద 1954లో వచ్చిన నియమావళి, విధుల్లో ఉన్న సైనికుడు రాజకీయ సభకు హాజరుకాకూడదనీ, పార్టీలో చేరకూడదనీ, చందా ఇవ్వకూడదనీ, తనను తాను అభ్యర్థిగా ప్రకటించుకోకూడదనీ నిర్దేశించాయి. సర్వీస్ ఓటరుగా, అంటే ఊరికి దూరంగా విధుల్లో ఉండి తపాలా బ్యాలెట్ ద్వారా ఓటు వేసే వ్యక్తిగా, అతనికి ఓటు మాత్రమే ఉంది, ప్రచారం లేదు. పదవీ విరమణ చేసిన మరుక్షణం ఈ నిషేధాలన్నీ తొలగిపోయి అతడు మిగతా పౌరులతో సమానుడవుతాడు. పోటీ చేసే హక్కు అతనికి సంపూర్ణంగా ఉంది. సైన్యంలో కెప్టెన్‌గా పనిచేసిన వి. లక్ష్మీకాంతరావు పాత కరీంనగర్ జిల్లాలోనే హుజూరాబాద్ నుంచి 2004లో శాసనసభకు ఎన్నికయ్యారు. వైమానిక దళంలో యుద్ధ విమానాలు నడిపిన ఎన్. ఉత్తమ్‌కుమార్‌రెడ్డి 1999లో కోదాడ నుంచి మొదటిసారి గెలిచి, తరువాత హుజూర్‌నగర్‌కు ప్రాతినిధ్యం వహిస్తూ ఇప్పుడు రాష్ట్ర మంత్రిగా ఉన్నారు. కాబట్టి మాజీ సైనికులు రాజకీయాల్లోకి రావచ్చునా అన్నది ఇక్కడ ప్రశ్నే కాదు.

ప్రశ్న వేరే ఉంది. రక్షణ దళాల సిబ్బంది ఫొటోలను ప్రచారంలో వాడవద్దని ఎన్నికల సంఘం 2013 డిసెంబరులోనే పార్టీలకు లేఖ రాసింది, 2019 మార్చిలో మళ్ళీ గుర్తు చేసింది, అదే ఏడాది ఏప్రిల్‌లో సైన్యాన్ని రాజకీయాలకు వాడుకోవడం ఆపాలని కోరుతూ 150 మందికి పైగా మాజీ సైనికాధికారుల పేర్లతో రాష్ట్రపతికి లేఖ వెలువడింది. ఇన్నిసార్లు చెప్పించుకోవలసిన అవసరం పార్టీలకు ఎందుకు వచ్చింది? సైనికుడి దగ్గర పార్టీ నేర్చుకోవలసినవి ఉన్నాయి: రాతపూర్వక ఆదేశానికి జవాబుదారీగా ఉండటం, ప్రతి తూటాకూ ప్రతి రూపాయికీ లెక్క అప్పగించడం, పక్కవాడి కులం అడగకుండా ఒకే పళ్ళెంలో తినడం. వాటిని వదిలేసి పార్టీలు తీసుకుంటున్నది బట్టను.

ప్రాసిక్యూటర్ విషయం ఇంతకంటే చిక్కుగా ఉంటుంది, ఈ లేఖ ముఖ్యంగా రాయవలసి వచ్చింది అందుకే. నేరం జరిగినప్పుడు బాధితుడి తరఫున కాక సమాజమంతటి తరఫున, ప్రభుత్వం పేరుతో కోర్టులో కేసు నడిపే న్యాయవాదిని పబ్లిక్ ప్రాసిక్యూటర్ అంటారు. మేజిస్ట్రేటు కోర్టుల్లో ఈ పని చేసే అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్లు పోటీ పరీక్ష రాసి వచ్చిన ప్రభుత్వోద్యోగులు. వారు రాజకీయాల్లోకి రావాలంటే ఉద్యోగానికి రాజీనామా చేయవలసిందే. సెషన్స్ కోర్టుల్లో, అంటే హత్య, అత్యాచారం వంటి తీవ్ర నేరాలను విచారించే జిల్లా స్థాయి కోర్టుల్లో, ఈ పని చేసే పబ్లిక్ ప్రాసిక్యూటర్లలో ఎక్కువమంది బార్‌లో కనీసం 7 ఏళ్ళు ప్రాక్టీసు చేసి, జిల్లా కలెక్టరు సెషన్స్ జడ్జిని సంప్రదించి తయారుచేసే జాబితా నుంచి ప్రభుత్వం నియమించే న్యాయవాదులు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 18వ సెక్షన్ కూడా, పాత నేర విచారణ ప్రక్రియా స్మృతి 24వ సెక్షన్ లాగానే, ఇదే పద్ధతి చెబుతుంది. 2022 జూన్ 2న రాష్ట్రంలో జిల్లాకొక జిల్లా కోర్టు ఏర్పడటంతో జగిత్యాలకూ రాజన్న సిరిసిల్లకూ సొంత న్యాయ జిల్లాలు వచ్చాయి కనుక, ఈ పదవి ఇక్కడివారికి ఇప్పుడు దూరంగా కరీంనగర్‌లో ఉన్నది కాదు, ఇంటి పక్కనే ఉన్నది.

చట్టం చెప్పే ఆ జాబితా వెనుక ఆచరణలో ఏమి జరుగుతుందో మీకంటే బాగా ఎవరికి తెలుసు? ప్రభుత్వం మారితే ప్రాసిక్యూటర్లు మారతారు. పార్టీ లీగల్ సెల్‌లో పనిచేసినవారికి ఈ పదవులు ప్రతిఫలంగా దక్కుతాయి. ఆ పదవిలో ఉన్న కాలం మళ్ళీ టికెట్‌కు అర్హతగా లెక్కలోకి వస్తుంది. ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం 1990లో అన్ని జిల్లాల ప్రభుత్వ న్యాయవాదులను ఒక్క ఉత్తర్వుతో తొలగించినప్పుడు, సుప్రీంకోర్టు అదే ఏడాది శ్రీలేఖ విద్యార్థి కేసులో ఆ ఉత్తర్వును కొట్టివేసింది. ఆ పదవిలో ప్రజా ప్రయోజనం ఉందనీ, దానిని ప్రభుత్వం తన ఇష్టానుసారం వాడుకోవడానికి వీల్లేదనీ ఆ తీర్పు సారాంశం. మూడు దశాబ్దాలు దాటినా పార్టీల దృష్టి మారలేదు.

ప్రాసిక్యూటర్ పార్టీ మనిషి అయితే ఏమవుతుంది అన్న ప్రశ్నకు గుజరాత్‌లోని బెస్ట్ బేకరీ కేసు జవాబు. వడోదరలో 2002 మార్చిలో 14 మందిని చంపిన ఆ కేసులో నిందితులందరూ 2003లో నిర్దోషులుగా బయటపడ్డారు. 2004 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ తీర్పును పక్కనబెట్టి, పబ్లిక్ ప్రాసిక్యూటర్ నిందితుల పక్షాన ఉన్నట్టు ప్రవర్తించారని తీవ్రంగా విమర్శించి, పునర్విచారణను మహారాష్ట్రకు పంపింది. పునర్విచారణలో 2006లో 9 మందికి యావజ్జీవ శిక్ష పడింది. సాక్షులు ఎదురు తిరిగితే వారిని నిలదీయవలసిన వ్యక్తి కుర్చీలో కూర్చొని చూస్తూ ఉంటే, చట్టపుస్తకాలు ఎన్ని ఉన్నా న్యాయం జరగదని ఆ కేసు చూపింది.

కేసు ఉపసంహరణ దగ్గర ఈ ప్రమాదం మరింత దగ్గరగా కనిపిస్తుంది. నడుస్తున్న కేసును కోర్టు అనుమతితో వెనక్కి తీసుకునే అధికారం చట్టం ప్రకారం మంత్రికి లేదు, పోలీసుకు లేదు, పబ్లిక్ ప్రాసిక్యూటర్‌కే ఉంది. పాత స్మృతిలో 321వ సెక్షన్‌గా ఉన్న ఈ నిబంధన కొత్త సంహితలో 360వ సెక్షన్ అయింది, బాధితుడికి తన మాట చెప్పుకునే అవకాశం ఇవ్వకుండా ఉపసంహరణకు అనుమతించరాదన్న మాట అందులో కొత్తగా చేరింది. ప్రభుత్వం చెప్పిందని సంతకం చేయడం కాక ప్రాసిక్యూటర్ తన బుద్ధితో ఆలోచించి నిర్ణయించాలని సుప్రీంకోర్టు పదేపదే చెప్పింది. ఎంపీలు, ఎమ్మెల్యేల మీద ఉన్న కేసులను హైకోర్టు అనుమతి లేకుండా ఉపసంహరించరాదని 2021 ఆగస్టులో ఆదేశించవలసి వచ్చిందంటే, ఆ సంతకాలు ఎలా పడుతున్నాయో ఊహించవచ్చు. రేపు మీ టికెట్ ఆశిస్తున్న ప్రాసిక్యూటర్ ఈరోజు మీ పార్టీ నాయకుడి కేసు ఫైలు ముందు కూర్చున్నప్పుడు, ఆ సంతకం ఎవరి బుద్ధితో పెట్టినది అవుతుంది?

ఈ ప్రశ్న జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాలకు మిగతా చోట్లకంటే లోతుగా తగులుతుంది. 1978 సెప్టెంబరు 7న రైతు కూలీలు జరిపిన జగిత్యాల జైత్రయాత్ర అనే ప్రదర్శన తరువాత, ఆ ఏడాది అక్టోబరులోనే సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. వెట్టికీ పాలేరుతనానికీ ఎదురు తిరిగిన ఊళ్ళలో పోలీసు క్యాంపులు వెలిశాయి. ఆ తరానికి ప్రభుత్వంతో తొలి పరిచయం పాఠశాల ద్వారానో ఆసుపత్రి ద్వారానో కాక ఎఫ్ఐఆర్ ద్వారా జరిగింది. అటువంటి నేల మీద ప్రాసిక్యూటర్ అనే పదవి నిష్పక్షపాతంగా ఉండటం మర్యాద కోసం కాదు; ప్రజలు కోర్టును నమ్మాలా వద్దా అన్నది దాని మీదే ఆధారపడి ఉంటుంది.

ఇప్పటి తరానికి అదే విషయం పాస్‌పోర్టు రూపంలో ఎదురవుతుంది. కోరుట్లలో బీడీలు చుట్టే ఇంటి కొడుకైనా, సిరిసిల్లలో సాంచెలు నడిపే కార్మికుడైనా, పసుపు పంటకు ధర రాక అప్పుపడ్డ మెట్‌పల్లి రైతు అయినా, చివరికి చూసే దారి గల్ఫ్. 1967 నాటి పాస్‌పోర్టుల చట్టం 6వ సెక్షన్ ప్రకారం క్రిమినల్ కోర్టులో కేసు పెండింగులో ఉన్నవారికి పాస్‌పోర్టు నిరాకరించవచ్చు. కోర్టు అనుమతి తెచ్చుకుంటేనే దారి ఉంటుంది. గట్టు తగాదాలో పేరు ఇరుక్కున్న యువకుడు పెట్టుకున్న అనుమతి పిటిషన్ మీద ప్రాసిక్యూటర్ కౌంటరు వేయడానికి ఒక వాయిదా, వాదనకు మరో వాయిదా పడితే, వీసా గడువు తీరిపోతుంది, ఏజెంటుకు కట్టిన డబ్బు మునిగిపోతుంది. కోర్టు వరండాలో ప్లాస్టిక్ కవరులో కాగితాలు పట్టుకుని సాయంత్రం దాకా నిలబడే తల్లికి, లోపల ఉండవలసిన ప్రాసిక్యూటర్ పార్టీ పనిమీద ఈరోజు రాలేదని తెలిస్తే, ఆమె ఎవరికి చెప్పుకోవాలి? ఆ పిటిషన్‌కు ఏ పార్టీతో సంబంధం? చట్టం చేతిలో చిక్కుకుంటే ఎన్నేళ్ళు పోతాయో ఈ జిల్లాలకు మరొకరు చెప్పనక్కరలేదు: సిరిసిల్ల జిల్లాకు చెందిన ఐదుగురు కార్మికులు దుబాయ్ జైలులో దాదాపు 18 ఏళ్ళు గడిపిన తరువాతే ఇల్లు చేరారు.

సైనికుడిగానూ ప్రాసిక్యూటర్‌గానూ పనిచేసిన ఒకే వ్యక్తి ఎన్నికల ముందుకు రావడం మన దేశంలో అరుదు. సైన్యంలో న్యాయ విభాగం ఉంది, న్యాయశాస్త్ర పట్టభద్రులను అధికారులుగా తీసుకుంటుంది, అక్కడ పనిచేసి బయటికి వచ్చినవారు బార్‌లో చేరుతున్నారు. కాబట్టి అటువంటి అభ్యర్థి రేపు జగిత్యాలలోనో కోరుట్లలోనో మీ తలుపు తట్టవచ్చు. అప్పుడు మీకు కొలబద్దగా అమెరికాలోని డెలావేర్ రాష్ట్ర ఉదాహరణ ఒకటి పనికివస్తుంది. అక్కడ అటార్నీ జనరల్, అంటే రాష్ట్రంలోని ప్రాసిక్యూషన్ యంత్రాంగానికి అధిపతి, ప్రజల ఓటుతో ఎన్నికవుతారు. 2006లో ఆ పదవికి ఎన్నికైన బో బైడెన్ అంతకుముందు ఫెడరల్ ప్రాసిక్యూటర్‌గా పనిచేశారు, సైనిక న్యాయ విభాగ అధికారిగా 2008లో ఇరాక్‌కు వెళ్ళి 2009లో తిరిగి వచ్చారు. తండ్రి జో బైడెన్ ఉపాధ్యక్షుడు కావడంతో ఖాళీ అయిన సెనేట్ స్థానానికి 2010లో ఎన్నిక జరగబోతుంటే, ఆ స్థానం ఆయనదేనని అందరూ అనుకున్నారు. అదే సమయంలో ఎందరో పసిపిల్లల మీద లైంగిక అత్యాచారాలు చేసిన పిల్లల వైద్యుడి కేసు ఆయన కార్యాలయం ముందుంది. ఆ కేసును వదిలి వెళ్ళలేనని 2010 జనవరిలో ప్రకటించి ఆయన సెనేట్ పోటీ నుంచి తప్పుకున్నారు. ఆ వైద్యుడికి 2011లో యావజ్జీవ శిక్షలు పడ్డాయి. సెనేట్ స్థానం మరొకరికి దక్కింది. 2015లో మరణించేనాటికి బో బైడెన్ సెనేటర్ కాలేదు. అమెరికా రాజకీయాల్లో అనుకరించకూడనివి చాలా ఉన్నాయి, ప్రాసిక్యూటర్లను ఓట్లతో ఎన్నుకోవడం కూడా వాటిలో ఒకటి కావచ్చు. అయినా చేతిలోని కేసు పూర్తయ్యేదాకా టికెట్ ఆగాలన్న ఆ వరుస క్రమాన్ని మాత్రం ఇక్కడి పార్టీలు ఆలోచించకుండా దాటిపోకూడదు.

మన దేశంలో కనిపించిన వరుస దీనికి తలకిందులుగా ఉంది. ముంబై దాడుల కేసులో ప్రభుత్వం తరఫున వాదించి ప్రసిద్ధుడైన ఉజ్వల్ నికమ్ 2024 లోక్‌సభ ఎన్నికల్లో ముంబై ఉత్తర మధ్య స్థానం నుంచి పోటీ చేసి 16,514 ఓట్ల తేడాతో ఓడిపోయారు. ఫలితాలు వచ్చిన కొద్ది రోజులకే మహారాష్ట్ర ప్రభుత్వం ఆయనను మళ్ళీ ప్రత్యేక పబ్లిక్ ప్రాసిక్యూటర్‌గా నియమించింది. 2025 జూలైలో రాజ్యసభకు నామినేట్ అయ్యారు. ఆయన సామర్థ్యం ఎవరూ కాదనలేనిది. ఒక పార్టీ గుర్తు మీద ఓట్లడిగిన మనిషి కొన్ని వారాల్లోనే సమాజమంతటి పేరుతో నేరస్థులను నిలదీసే కుర్చీలో కూర్చుంటే, ఆ కోర్టులో నిందితుడిగా నిలబడిన ప్రతిపక్ష కార్యకర్త ఏమనుకోవాలి? చట్టం ఇందులో అడ్డు చెప్పదన్నది నిజమే. ప్రత్యేక ప్రభుత్వ న్యాయవాదిగా పనిచేయడం వల్ల రాజస్థాన్ శాసనసభ్యురాలు కాంతా కథూరియా అనర్హురాలు కారని సుప్రీంకోర్టు మెజారిటీ తీర్పు 1969లోనే చెప్పింది. అనర్హత లేకపోవడం, అర్హత ఉండటం రెండూ ఒకటే అని మాత్రం ఏ కోర్టూ చెప్పలేదు. ఆ తేడాను చూడవలసింది పార్టీలే.

నామినేషన్‌తో పాటు దాఖలు చేసే 26వ నంబరు ఫారాన్ని ఒకసారి మళ్ళీ తిరగేయండి. పాన్ నంబరు, ఐదేళ్ళ ఆదాయపు పన్ను రిటర్నుల వివరాలు, పెండింగు కేసులు, పడిన శిక్షలు, చేతిలో నగదు, బంగారం తూకం, భూమి సర్వే నంబర్లు, అప్పులు, చదువు, వృత్తి అన్నీ అందులో గడులు గడులుగా ఉంటాయి, నోటరీ ముద్ర ఉంటుంది. ప్రాసిక్యూటర్‌గా పనిచేసిన అభ్యర్థి ఎన్ని కేసులు నడిపారు, ఎన్నిటిలో సాక్షులు ఎదురు తిరిగారు, ఏ కేసులను ఎందుకు ఉపసంహరించారు, పదవి ఎప్పుడు వదిలారు అన్న గడి అందులో ఎక్కడా లేదు. ఎన్నికల సంఘం ఆ గడిని చేర్చేదాకా పార్టీలు ఆగనవసరం లేదు. నేరచరిత ఉన్నవారికి టికెట్ ఇస్తే, ఎందుకు ఇచ్చారో కారణాలు 48 గంటల్లో ప్రకటించాలని సుప్రీంకోర్టు 2020లో ఆదేశించింది. గెలిచే అవకాశం ఒక్కటే కారణం కాకూడదని కూడా అప్పుడే చెప్పింది. కేసులున్నవారిని ఎంచుకోవడానికి కారణం రాయగలిగిన పార్టీ, కేసులు నడిపినవారిని ఎంచుకోవడానికి కారణం ఎందుకు రాయలేదు?

స్తోమత గురించిన వాదన మీ దగ్గర సిద్ధంగా ఉంటుందని తెలిసిందే. శాసనసభ అభ్యర్థికి చట్టం అనుమతించిన ఖర్చు 40 లక్షల రూపాయలు. అంతకు మించి ఖర్చు పెట్టగలవారి కోసం మీరు వెతుకుతున్నారంటే వెతుకుతున్నది చట్టాన్ని దాటేవారి కోసమే, ఆ పరీక్షలో నిజాయితీగల సైనికుడూ నిజాయితీగల ప్రాసిక్యూటరూ ఓడిపోక తప్పదు. ఈ ప్రాంతపు ఓటరు డబ్బు ఒక్కటే చూస్తాడన్న మాట కూడా నిలవదు. జగిత్యాల, కోరుట్ల భాగమైన నిజామాబాద్ లోక్‌సభ స్థానంలో 2019లో 178 మంది రైతులు పసుపు, ఎర్రజొన్న ధర కోసం 25,000 రూపాయల డిపాజిట్ కట్టి బరిలో దిగి, అభ్యర్థుల సంఖ్యను 185కు తీసుకెళ్ళారు. డిపాజిట్ పోతుందని తెలిసే కట్టారు. సిరిసిల్లలో 2009లో గెలుపు ఓటములను నిర్ణయించింది 171 ఓట్లు. ఇంత లెక్కగా, ఇంత పట్టుదలగా ఓటు వేసే ప్రజలకు అభ్యర్థి గురించి ఫ్లెక్సీ మీది ఫొటో ఒక్కటే చూపించడం న్యాయమా?

ప్రస్తుత శాసనసభ గడువు 2028 వరకు ఉంది కనుక సమయం చాలినంత ఉంది. ప్రాసిక్యూటర్ పదవిలో ఉన్నవారికి ఆ పదవి వదిలిన రెండేళ్ళ వరకు టికెట్ ఇవ్వబోమనీ, టికెట్ మీద పోటీ చేసి ఓడినవారిని ఆ తరువాతి రెండేళ్ళు ఆ పదవిలో నియమించబోమనీ ప్రతి పార్టీ తన నియమావళిలో రాసుకోవాలి. మాజీ సైనికుడి ప్రచారంలో యూనిఫారం, పతకాలు, రెజిమెంటు చిహ్నం కనిపించకూడదని తన శ్రేణులకు రాతపూర్వకంగా చెప్పాలి. అభ్యర్థి సైన్యంలో ఏ హోదాలో ఎన్నేళ్ళు పనిచేసి ఎలా బయటికి వచ్చారో, కోర్టులో ఏ కేసులు నడిపారో, ఏ కేసులను వదిలారో, ఎందుకు వదిలారో ఒక పేజీలో రాసి, జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల అభ్యర్థుల జాబితా విడుదలయ్యే రోజునే ఆ పేజీని కూడా విడుదల చేయవలసిందిగా మీకు ఈ లేఖ చేస్తున్న విజ్ఞప్తి.